కాటా గదిలో రెండో కీబోర్డు: గుంటూరు కోల్డ్ స్టోరేజీలో ఒక యూఎస్‌బీ పరీక్ష

క్లయింటు పేరు, వాళ్లుండే రోడ్డు, ఏ ఏడాది జరిగింది, ఎన్ని కంప్యూటర్లు అన్నవి ఇందులో తీసేశాను. మనుషుల వివరాలు కొన్ని మార్చాను. పరికరాల సంగతి, మేం చేసిన తప్పులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాశాను. ఆ తప్పుల్లో పెద్దది నాదే, అది మధ్యలో వస్తుంది.

నేపథ్యం

గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీ అంటే మిర్చే. మార్కెట్ యార్డులో ఆ రోజు ధర నచ్చని రైతు టిక్కీలూ (మిర్చి బస్తాలు), రేటు పెరిగేదాకా ఆగుదామనుకునే వ్యాపారి టిక్కీలూ అక్కడికే చేరతాయి. లారీ కాటా ఎక్కుతుంది, బరువు చూస్తారు, లాట్ నంబరు వేస్తారు, సరుకు తమ దగ్గరుందని బాండు రాసిస్తారు. ఆ బాండు చూపించి బ్యాంకులో అప్పు తెచ్చుకునేవాళ్లు చాలామంది. అంటే కాటా గది కంప్యూటర్లో ఒక అంకె మారితే, అది ఎవరో ఒకరి జేబు దాకా వెళ్తుంది.

మా క్లయింటు అలాంటి ఒక కోల్డ్ స్టోరేజీ. అంతకు ముందు సీజన్లో ఎవరో తెచ్చిన పెన్‌డ్రైవ్‌తో వైరస్ వచ్చి ఫైళ్లన్నీ లాక్ అయిపోయాయి. బ్యాకప్ ఉంది గానీ పది రోజుల పాతది. ఆ పది రోజుల లాట్లూ గుమాస్తాలు చేతి పుస్తకాల్లోంచి చూసి మళ్లీ ఎక్కించారు. ఆ దెబ్బకి యజమాని యూఎస్‌బీ బ్లాక్ చేసే సాఫ్ట్‌వేర్ ఒకటి కొని అన్ని కంప్యూటర్లలో వేయించారు. పెన్‌డ్రైవ్ పెడితే ఎర్ర డబ్బా ఒకటి తెర మీదికొచ్చి కుదరదంటుంది. ఆయనకి ఆ డబ్బా చూస్తే ధైర్యం.

నాకు ఫోన్ చేసింది ఆయన కాదు, ఆయన ఆడిటర్. "బ్లాక్ చేశామంటున్నారండి. నిజంగా బ్లాక్ అయిందో లేదో చూసి, ఒక కాగితం ఇవ్వగలరా?" అన్నారు. నేను విజయవాడలో కంప్యూటర్ల భద్రత పరీక్షించే చిన్న ప్రాక్టీసు నడుపుతాను. ఎక్కువగా ఆసుపత్రులు, కాలేజీలు, ఇలాంటి గోదాములు. పెద్ద కంపెనీలకి చేసే పరీక్షలు వీళ్లకి అవసరం లేదు, అంత డబ్బూ ఉండదు. ఒక ప్రశ్నకి ఒక జవాబు చాలు.

అసలు ప్రశ్న

బయల్దేరే ముందు ఆ సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందో చూశాను. యూఎస్‌బీలో పెట్టిన ప్రతి వస్తువూ కంప్యూటర్‌తో మొదట తన పరిచయం చెప్పుకుంటుంది: నేను ఫలానా రకం, నన్ను తయారు చేసినవాళ్ల నంబరు ఇది, నా మోడల్ నంబరు ఇది అని. ఆ రకాన్ని క్లాస్ అంటారు. పెన్‌డ్రైవ్‌ది మాస్ స్టోరేజ్ క్లాస్, కోడ్ 08. కీబోర్డు, మౌస్‌లది హెచ్‌ఐడీ క్లాస్, కోడ్ 03. వాళ్లు కొన్న సాఫ్ట్‌వేర్ 08ని ఆపుతోంది. 03 జోలికి వెళ్లదు. వెళ్తే కీబోర్డు పనిచేయదు కదా.

ఇక్కడే ఉంది చిక్కంతా. ఈ పరిచయం నిజమో కాదో కంప్యూటర్ ఎవర్నీ అడగదు. పెన్‌డ్రైవ్ ఆకారంలో ఉన్న ముక్క నేను కీబోర్డునంటే సరే అని, డ్రైవర్ తానే వేసుకుని, అది కొట్టే అక్షరాలన్నీ తీసుకుంటుంది. అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా అడగదు. 2014లో బ్లాక్ హ్యాట్ అనే కంప్యూటర్ భద్రతా సదస్సులో కార్‌స్టెన్ నోల్ అనే పరిశోధకుడి బృందం బ్యాడ్‌యూఎస్‌బీ పేరుతో ఇంకో మెట్టు పైకెళ్లింది. మామూలు పెన్‌డ్రైవ్ లోపలి చిప్‌లో ఉండే ప్రోగ్రాంనే మార్చి దాన్ని కీబోర్డుగా మాట్లాడించింది. అంతకు ముందు నుంచే ఈ పని కోసమే చేసిన పరికరాలు బజార్లో ఉన్నాయి.

కాబట్టి నా ప్రశ్నను ఇలా రాసుకున్నాను: లాక్ వేయకుండా తెరిచి ఉన్న కంప్యూటర్ బయటి మనిషి ఒకడికి అర నిమిషం దొరికితే, ఒక ముక్క గుచ్చి వాళ్ల తరఫున టైపు చేయగలడా? అర నిమిషం అని ఎందుకు పెట్టానో కాటా గది గురించి చెప్పేటప్పుడు తెలుస్తుంది.

యజమాని దగ్గర అనుమతి పత్రం తీసుకున్నాను. ఏ కంప్యూటర్లు, ఏ రోజులు, ఏం చేస్తాను, ఏం చేయను అన్నీ అందులో ఉన్నాయి. నోట్‌ప్యాడ్ తెరిచి ఇంగ్లీషు అక్షరాల్లో "పరీక్ష" అన్న మాట, టైము టైపు చేయడం ఒక్కటే చేస్తాను. ఫైలు తెరవను, నెట్‌కి వెళ్లను. సంతకం లేకుండా ఇలాంటి పని చేస్తే ఐటీ చట్టం 2000లో 43వ సెక్షన్ వర్తిస్తుంది, మోసపు ఉద్దేశంతో చేశారని తేలితే 66 కింద మూడేళ్ల జైలు దాకా ఉంది. సరదాకి స్నేహితుడి ఆఫీసులో చేసి చూద్దామనుకునే కుర్రాళ్లు కాలేజీల్లో నాకు తరచూ తగులుతుంటారు. వాళ్ల కోసం ఈ వాక్యం.

ఏ ముక్క తీసుకెళ్లాలి

మొదటి సమావేశంలో యజమాని మేనల్లుడు, ఇంజినీరింగ్ మూడో ఏడాది, ఫోన్లో ఒక పరికరం చూపించాడు. హాక్5 అనే కంపెనీ ఇలాంటి పరీక్షల కోసమే చేసిన బ్యాష్ బన్నీ, 2017లో వచ్చింది. నాలుగు కోర్ల కార్టెక్స్ ఏ7 ప్రాసెసర్, 512 ఎంబీ ర్యామ్, లోపలే 8 జీబీ స్టోరేజీ, మూడు స్థానాల స్విచ్చు, రంగులు మారే ఎల్ఈడీ. గుచ్చిన ఏడు సెకన్లలో సిద్ధమని తయారీదారుల మాట. "ఇది తెప్పించుకోండి సార్, ఇందులో ఫుల్ లైనక్స్ ఉంది" అన్నాడు.

వాడి తప్పేం లేదు. స్పెసిఫికేషన్లు చూడగానే మనకి ఫోన్ కొనేటప్పటి అలవాటు వస్తుంది: కోర్లెన్ని, ర్యామెంత. కానీ కీబోర్డులా నటించడానికి ర్యామ్ దేనికి? కీబోర్డు ఒక్కోసారి పంపేది ఎనిమిది బైట్లు. ఒకటి షిఫ్టు, కంట్రోలు లాంటి మీటలకి, ఒకటి ఖాళీ, మిగతా ఆరు నొక్కిన మీటల నంబర్లు. అంతే. అంత ర్యామ్, అన్ని కోర్లు ఎప్పుడు కావాలంటే, ఆ ముక్క నెట్‌వర్క్ కార్డులా నటించి లోపల ఒక సర్వర్ నడపాలనుకున్నప్పుడు. నా ప్రశ్న అది కాదు. పైగా విదేశం నుంచి తెప్పించాలి, కస్టమ్స్ కట్టాలి, అప్పటికి సీజన్ అయిపోతుంది.

నా డ్రాయర్లో ఉన్నవాటినే బల్ల మీద పరిచాను.

మొదటిది ఏటీటైనీ85 చిప్ ఉన్న బొటనవేలంత బోర్డు. ప్రోగ్రాం ఉంచుకునే ఫ్లాష్ 8 కేబీ, అందులో కొత్త ప్రోగ్రాం ఎక్కించుకునే బూట్‌లోడర్‌కి పోగా సుమారు 6 కేబీ. ర్యామ్ 512 బైట్లు. మెగాబైట్లు కాదు, బైట్లే. ఈ చిప్‌లో యూఎస్‌బీ హార్డ్‌వేరే లేదు, సాఫ్ట్‌వేర్‌తోనే పిన్నుల వోల్టేజీని పైకీ కిందికీ ఎగరేసి యూఎస్‌బీ మాట్లాడుతుంది. అందుకే సెకనుకి 1.5 మెగాబిట్ల లో స్పీడ్ దగ్గరే ఆగిపోతుంది. లో స్పీడ్‌లో ఇంకో సంగతుంది: పెన్‌డ్రైవ్‌లు వాడే బల్క్ ట్రాన్స్‌ఫర్‌కి ఆ వేగంలో ప్రమాణమే ఒప్పుకోదు. ఈ ముక్క పెన్‌డ్రైవ్ కాదలచుకున్నా నియమం ప్రకారం కాలేదు. నా పనికి అదీ మంచిదే అనుకున్నాను. ఎర్ర డబ్బా రానే రాదు.

రెండోది రాస్‌బెర్రీ పై జీరో డబ్ల్యూ. 2017 ఫిబ్రవరిలో వచ్చింది. 1 గిగాహెర్ట్జ్ సింగిల్ కోర్, 512 ఎంబీ ర్యామ్, వైఫై, 65 బై 30 మిల్లీమీటర్లు. మైక్రో ఎస్‌డీ కార్డు నుంచి లైనక్స్ ఆపరేటింగ్ సిస్టం నడుస్తుంది. మేనల్లుడికి నచ్చే రకం.

మూడోది రాస్‌బెర్రీ పై పికో. 2021 జనవరిలో 4 డాలర్లకి వదిలారు. ఆర్‌పీ2040 చిప్, రెండు కార్టెక్స్ ఎం0+ కోర్లు, 133 మెగాహెర్ట్జ్, 264 కేబీ ర్యామ్, 2 ఎంబీ ఫ్లాష్, 51 బై 21 మిల్లీమీటర్లు. యూఎస్‌బీ చిప్‌లోనే ఉంది, ఫుల్ స్పీడ్, సెకనుకి 12 మెగాబిట్లు. ఆపరేటింగ్ సిస్టం ఏమీ లేదు.

నేను మొదటిదానితో మొదలుపెట్టాను. చవక ముక్కతోనే పని జరిగితే యజమానికి చెప్పడం తేలిక: "రెండు మూడు వందల రూపాయల సామాను చాలు సార్." ఆ లెక్కే నన్ను కాస్త పక్కదారి పట్టించింది.

కాటా గది

కాటా గది పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు. కిటికీలోంచి డ్రైవర్లు చీటీ తీసుకుంటారు. కిటికీ కిందే సీపీయూ, ముందు పోర్టులు కిటికీ వైపుకి. చెయ్యి లోపలికి పెడితే అందుతాయి. కాటా చూసే గుమాస్తాది ముప్ఫై ఏళ్ల సర్వీసు. లారీ ఎక్కగానే పరదా తీశారా, క్లీనర్ లారీ మీదే కూర్చున్నాడా అని చూడటానికి ఆయన బయటికి వెళ్లి వస్తాడు. నేను ఒక మూల కూర్చుని ఎనిమిది లారీలకి టైము పెట్టాను. వెళ్లి రావడానికి అర నిమిషం నుంచి నిమిషం. తెర తెరిచే ఉంటుంది. కిటికీ బయట ముగ్గురు నలుగురు డ్రైవర్లు. నా ప్రశ్నలోని అర నిమిషం ఇక్కడిది.

సీపీయూ వెనక పోర్టులన్నీ నిండిపోయాయి. ముందు పోర్టులో ఒక చవక హబ్ (ఒక పోర్టుని చాలా పోర్టులు చేసే పెట్టె), దానికి కాటా బరువుని కంప్యూటర్‌కి చేర్చే ఇండికేటర్ కన్వర్టర్, చీటీల ప్రింటర్, బార్‌కోడ్ స్కానర్ ఉన్నాయి. హబ్‌కి సొంత పవర్ లేదు. ఆ సంగతి ఆ రోజు నేను పట్టించుకోలేదు.

ఏమేం చేశాం, ఏం కుదరలేదు

ఏటీటైనీ ముక్కని హబ్‌లో పెట్టాను. టింగ్ మంది. ఏమీ జరగలేదు. అయిదారు సెకన్ల తర్వాత మళ్లీ టింగ్, అప్పుడు నోట్‌ప్యాడ్. ఎందుకంటే ఆ బోర్డు మొదట బూట్‌లోడర్‌గా లేచి, కొత్త ప్రోగ్రాం ఎవరైనా ఎక్కిస్తారేమోనని అయిదు సెకన్లు ఎదురు చూస్తుంది. ఆ తర్వాతే కీబోర్డు వేషం వేస్తుంది. రెండు టింగ్‌లు విన్న గుమాస్తా తల తిప్పాడు. ఆఫీసులోని కొత్త కంప్యూటర్ నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టులో పెడితే అసలు గుర్తే పట్టలేదు. పిన్నులు ఎగరేసి మాట్లాడే యూఎస్‌బీకి టైమింగ్ వెంట్రుకవాసి తప్పినా కొన్ని పోర్టులు ఊరుకోవు. ఒక పోర్టులో పనిచేసి ఇంకో పోర్టులో పనిచేయని పరికరంతో నేను ఏ కాగితం రాసిచ్చినా అది తప్పుడు కాగితమే. ఆ పోర్టులో ఏమీ జరగకపోవడానికి కారణం వాళ్ల రక్షణా, నా ముక్క అవిటితనమా? తేల్చలేను. పక్కన పెట్టేశాను.

మధ్యాహ్నం పై జీరో. దీనికి రెండు మైక్రో యూఎస్‌బీ సాకెట్లు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి పవర్‌కే, రెండోదానిలోనే డేటా. సరైనదే పెట్టాను. పచ్చ లైటు వెలిగింది, ఆరింది, మళ్లీ వెలిగింది. కాటా ఇండికేటర్ కన్వర్టర్ కూడా ఒకసారి తెగిపోయి వచ్చింది. తెర మీద బరువు సున్నా అయింది. లారీ కాటా మీదే ఉంది. గుమాస్తా నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

హబ్ సంగతి అప్పుడు తట్టింది. యూఎస్‌బీ 2.0 ప్రకారం కంప్యూటర్ పోర్టు 500 మిల్లీ ఆంపియర్లు ఇస్తుంది. సొంత పవర్ లేని హబ్ దాన్ని పంచుకుని ఒక్కో పోర్టుకి 100 మాత్రమే ఇవ్వాలి. లైనక్స్ బూట్ అవుతూ వైఫై లేపుతున్న పై జీరోకి ఆ వంద చాలదు. వోల్టేజీ పడుతుంది, అది రీస్టార్ట్ అవుతుంది, పక్కనున్నవాటినీ కుదుపుతుంది. ఆఫీసు కంప్యూటర్లో నేరుగా పెడితే బాగానే లేచింది గానీ, కీబోర్డుగా కనబడేసరికి అర నిమిషం దాటింది. గుమాస్తా వెనక్కి వచ్చేసేంత సేపు. నిజంగా దొంగపని చేసేవాడు ఇంకా తేలికైన లైనక్స్ కట్టుకుని ఆ టైము తగ్గించుకోగలడు, కాదనను. కానీ నడుస్తున్న కాటాని కుదిపే పరికరంతో సీజన్లో నేను ఇంకో ప్రయత్నం చేయను.

రెండో రోజు పికో. దీన్ని ముందు రాత్రి విజయవాడలో నా మూడు పాత లాప్‌టాప్‌ల మీద, అలాంటిదే ఒక చవక హబ్ కొని దాని మీద కూడా చూసుకున్నాను. ఆ పని మొదటి రోజుకి ముందే చేయాల్సింది. పికోకి బూట్ అంటూ పెద్దగా ఏమీ లేదు, సెకను లోపే కీబోర్డుగా నిలబడుతుంది. వంద మిల్లీ ఆంపియర్లలో హాయిగా బతుకుతుంది. ఫుల్ స్పీడ్ కాబట్టి కంప్యూటర్ మిల్లీ సెకనుకోసారి పలకరించగలదు. లో స్పీడ్‌లో అయితే పది మిల్లీ సెకన్లకోసారే. కానీ మిల్లీ సెకనుకోసారి కొడితే పాత కంప్యూటర్లో అక్షరాలు రాలిపోతాయని లాప్‌టాప్‌ల మీద చూశాను. కావాలనే వేగం తగ్గించాను.

ఆఫీసులో, బిల్లింగులో, కాటా గదిలో అన్నిచోట్లా నోట్‌ప్యాడ్ తెరుచుకుంది, పరీక్ష అని పడింది. ఎర్ర డబ్బా ఎక్కడా రాలేదు. యజమాని మొహంలో రంగు మారింది.

ఒక్క కంప్యూటర్లో మాత్రం కాలేదు. బాండ్లు రాసే గదిలో గుచ్చగానే తెర మీద సెర్చ్ డబ్బా తెరుచుకుంది. అందులో పడింది నోట్‌ప్యాడ్ కాదు, ఇది: లదూాజో్. ల, ద, జ, వాటి చుట్టూ తేలుతున్న గుణింతాలు. మేనల్లుడు నవ్వాడు. నాకు అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. బాండు గుమాస్తా రైతుల పేర్లు తెలుగులో కొడతాడు, ఆయన కీబోర్డు లేఅవుట్ తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌లో ఉంది. పరికరం అక్షరాలు పంపదు, మీటల నంబర్లు పంపుతుంది. ఆ నంబరు ఏ అక్షరమో తేల్చేది విండోస్. ఇంగ్లీషు ఎన్ ఉన్న మీట ఇన్‌స్క్రిప్ట్‌లో ల, ఓ మీట ద, పి మీట జ.

"మనకి తెలుగే రక్షణ అన్నమాట" అన్నారు యజమాని. మాట బాగుంది గానీ రిపోర్టులో అలా రాయలేదు. గుమాస్తాని లేఅవుట్ ఇంగ్లీషుకి మార్చమని మళ్లీ గుచ్చాను, అన్నిటిలాగే అక్కడా పడింది. రోజులో సగం సేపు ఆయన ఇంగ్లీషులోనే ఉంటాడు.

మందు వేయబోయి

ఇక సరిచేయడం. నా మొదటి ఆలోచన సూటిగా ఉంది: విండోస్‌లో గ్రూప్ పాలసీ అని నిబంధనలు పెట్టే సదుపాయం ఉంది, పరికరాల ఇన్‌స్టలేషన్‌ని క్లాస్ వారీగా ఆపొచ్చు, కొత్త కీబోర్డులన్నిటినీ ఆపేద్దాం. ఉన్న కీబోర్డు ఎలాగూ ఇన్‌స్టాల్ అయిపోయింది, దానికేం కాదు. కాటా కంప్యూటర్లో పాలసీ పెట్టాను. అక్కడే "ఇప్పటికే ఇన్‌స్టాల్ అయినవాటికి కూడా వర్తించు" అనే చిన్న గడి ఉంటుంది. ఇంతకు ముందు గుచ్చిన నా పికో కూడా ఇన్‌స్టాల్ అయినవాటి లెక్కలోకే వస్తుంది, దాన్నీ ఆపాలి కదా అనుకుని ఆ గడిలో టిక్ పెట్టాను.

కీబోర్డు చచ్చిపోయింది. బార్‌కోడ్ స్కానర్ కూడా. స్కానర్ అంటే కంప్యూటర్ దృష్టిలో ఇంకో కీబోర్డే, టిక్కీ మీద చీటీ చదివి అంకెలు టైపు చేస్తుంది. ఇది నాకు తెలియనిదేం కాదు, ఆ క్షణంలో గుర్తులేదు, అంతే. గేటు దగ్గర లారీలు నిలబడిపోయాయి. ముఠా కూలీలు ఎండలో కూర్చుండిపోయారు. యూఎస్‌బీ లెక్కలో రెండూ హెచ్‌ఐడీయే అయినా, విండోస్ సొంత లెక్కలో మౌస్ వేరే క్లాస్ కాబట్టి బతికే ఉంది. మౌస్‌తో ఆన్‌స్క్రీన్ కీబోర్డు తెరిచి, ఒక్కో అక్షరం క్లిక్ చేస్తూ పాలసీ తీసేసి, రీస్టార్ట్ చేశాను. ఇరవై నిమిషాలు. ఆ మధ్యాహ్నం ఆ గుమాస్తా నాతో మాట్లాడలేదు. ఆ రోజు బిల్లులో సగం నేనే తగ్గించుకున్నాను.

నడుస్తున్న కంప్యూటర్ మీద, సీజన్లో, వెనక్కి తిరిగే దారి ఆలోచించుకోకుండా పాలసీ పెట్టడం తప్పు. పికోని డివైస్ మేనేజర్లో విడిగా తీసేస్తే సరిపోయేది.

నిలిచింది

తర్వాత రెండు వారాలు విజయవాడలోనే కూర్చుని నా లాప్‌టాప్ మీద కట్టాను. ఈసారి ఏది ఆపాలి అని కాకుండా ఏవి ఉండాలి అని మొదలుపెట్టాను. వాళ్ల కీబోర్డు మోడళ్లు, స్కానర్, ప్రింటర్, కన్వర్టర్, అకౌంటెంట్ డిజిటల్ సంతకం టోకెన్, వీటి వెండర్ (తయారీదారు), ప్రొడక్ట్ (మోడల్) నంబర్లు రాసుకుని, ఇవి తప్ప కొత్తది ఏదీ ఇన్‌స్టాల్ కాకూడదని పాలసీ పెట్టాను. మొదటిసారి అనుమతించిన కీబోర్డే ఆగిపోయింది. ఒక కీబోర్డు గుచ్చితే విండోస్ లోపల రెండు మూడు అంచెల్లో పరికరాలు పుడతాయి: యూఎస్‌బీ పరికరం, దాని కింద హెచ్‌ఐడీ, దాని కింద కీబోర్డు. వరస మొత్తం జాబితాలో ఉండాలి. హబ్ కూడా. అలాగే సీరియల్ నంబరు లేని స్కానర్‌ని ఒక పోర్టులోంచి తీసి ఇంకో పోర్టులో పెడితే విండోస్‌కి అది కొత్త వస్తువే. జాబితాలో మోడల్ ఉంటే ఇబ్బంది లేదు, లేకపోతే గుమాస్తా తెల్లవారి ఆరింటికి నాకే ఫోన్ చేస్తాడు.

మిర్చి దుమ్ముకి అక్కడ కీబోర్డులు ఏడాది ఆగవు. కొత్తది కొంటే జాబితాలో లేని మోడల్ వస్తుంది. అందుకని ఒకే మోడల్ కీబోర్డులు ఆరు కొనిపించి బీరువాలో పెట్టించాం. ఈ మొత్తం కేసులో యజమాని బేరం ఆడకుండా ఒప్పుకున్న ఖర్చు ఇదొక్కటే.

స్కానర్‌ని కీబోర్డు మోడ్ నుంచి సీరియల్ పోర్టు మోడ్‌కి మార్చేస్తే ఇంకా శుభ్రంగా ఉండేది. వాళ్ల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కీబోర్డు మోడ్‌నే వింటుంది, దాన్ని రాసినాయన దుబాయ్ వెళ్లిపోయాడు. అక్కడితో వదిలేశాం.

ఈ జాబితా కంచె మాత్రమే, గోడ కాదు. వెండర్ నంబరు కూడా పరికరం తన గురించి తాను చెప్పుకునేదే. వాళ్ల స్కానర్ నంబరు పెట్టుకుని వచ్చిన పికోని ఈ పాలసీ ఆపదు. మళ్లీ పరీక్షించినప్పుడు అదీ చేసి చూపించాను, రిపోర్టులో రాశాను. అందుకే మిగతా బరువంతా వేరేచోట పెట్టాం.

కీబోర్డు వేషం వేసిన ముక్క ఆ క్షణంలో ఎవరు లాగిన్ అయి ఉంటే వాళ్ల హక్కులతోనే పనిచేస్తుంది. అక్కడ అందరూ అడ్మిన్ అకౌంట్లతోనే కూర్చునేవాళ్లు. అడ్మిన్ అయితే విండోస్ ఒప్పుకుంటావా అని అడుగుతుంది, దానికి జవాబు కూడా కీబోర్డుతోనే కొట్టేయొచ్చు. మామూలు అకౌంట్ అయితే పాస్‌వర్డ్ అడుగుతుంది, అది ముక్కకి తెలియదు. అందరినీ మామూలు అకౌంట్లకి మార్చాం. తెర లాక్ అయి ఉంటే ముక్క ఎంత టైపు చేసినా పాస్‌వర్డ్ గడిలోనే పోతుంది. లాక్ ఒక నిమిషానికి పెడదామన్నాను. కాటా గుమాస్తా ఒప్పుకోలేదు. "బాబూ, చేతులకి కారం. లారీకోసారి పాస్‌వర్డ్ కొట్టలేను." వేలిముద్ర పెడదామంటే ఆ దుమ్ము చేతులకి అది చదవదు. చివరికి మూడు నిమిషాల ఆటోమేటిక్ లాక్, లేచేటప్పుడు విండోస్ మీట, ఎల్ కలిపి నొక్కి లాక్ చేయడం, మీటల మీద ఎర్ర స్టిక్కర్, ఆరంకెల పిన్. మొదటి వారం ఆయన విసుక్కున్నాడని విన్నాను.

అన్నిటికన్నా ఎక్కువ పనిచేసింది వడ్రంగి. సీపీయూని కిటికీ కింద నుంచి తీసి ఎదురు గోడకి చెక్క డబ్బాలో పెట్టి తాళం వేశాం. హబ్ తీసేసి సొంత పవర్ ఉన్న హబ్ డబ్బా లోపల పెట్టాం. కిటికీలోంచి చెయ్యి అందదు.

లాగులు, అంటే ఏం జరిగిందో కంప్యూటర్ రాసుకునే చిట్టాలు, కూడా ఆన్ చేశాను. ప్లగ్ అండ్ ప్లే ఆడిట్ పెడితే కొత్త పరికరం గుచ్చినప్పుడల్లా సెక్యూరిటీ లాగులో 6416 నంబరుతో ఒక నమోదు పడుతుంది. సెక్యూరిటీ లాగు మామూలుగా 20 ఎంబీ దాటితే పాతవి చెరిపేసుకుంటూ పోతుంది, పరిమాణం పెంచాను. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో లాగులు 180 రోజులు ఉంచమని ఉంది. ఆడిటర్‌కి ఆ వాక్యం నచ్చింది. ఆ లాగు ఎవరైనా తెరిచి చూస్తారా అంటే, నాకు నమ్మకం తక్కువ. శనివారాలు చూస్తానని మేనల్లుడు అన్నాడు.

మళ్లీ వెళ్లినప్పుడు

యార్డుకి వేసవి సెలవులిచ్చాక వెళ్లాను. పికో మామూలు నంబరుతో జాబితా ఉన్న కంప్యూటర్లన్నిట్లో ఆగింది. స్కానర్ నంబరుతో లోపలికి వెళ్లింది గానీ, మామూలు అకౌంట్లో నోట్‌ప్యాడ్ తెరవడం వరకే. అడ్మిన్ పని దగ్గర పాస్‌వర్డ్ గడి వచ్చి నిలబడింది. కాటా గదిలో గుమాస్తా లేచి వెళ్లినప్పుడు తెర లాక్ అయి ఉంది. నన్ను చూసి వేశాడో, అలవాటయిందో తేల్చుకోలేకపోయాను.

మేనల్లుడు ఈసారి బ్యాష్ బన్నీ ఊసెత్తలేదు. పికో ఒకటి కొనుక్కున్నానని, దానితో ఏం చేయొచ్చని అడిగాడు. మొదట మీ మామయ్య సంతకం తీసుకో అన్నాను.

ఒకటి మిగిలింది. అకౌంటెంట్ కంప్యూటర్ విండోస్ హోమ్ ఎడిషన్. దానిలో గ్రూప్ పాలసీ ఎడిటర్ లేదు, ప్రోకి మార్చాలంటే డబ్బు కట్టాలి. "కొత్త సీజన్‌కి చూద్దాంలెండి" అన్నారు యజమాని. అప్పటిదాకా ఆ గదికి తాళం వేసుకోమని, తాళంచెవి అకౌంటెంట్ దగ్గరే ఉండాలని రిపోర్టు ఆఖరి పేజీలో రాశాను. సంతకం పెట్టించుకునేసరికి తాళంచెవి తలుపుకే వేలాడుతోంది.